నవ్వాల్సింది కుర్చీలో ఉన్నవాణ్ణి చూసి

సెకండ్ మిడ్ అయిపోయిన రోజు రాత్రి హాస్టల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చదువుతూ నాలో నేనే నవ్వుకుంటున్నాను. పక్క మంచం మీదున్న రూమ్మేట్ తల తిప్పి స్క్రీన్ మీద పేరు చూశాడు. ‘ఈజ్ సెక్స్ నెసెసరీ?’ అని ఉంది. అప్పటిదాకా కంట్లో నిద్రతో ఉన్నవాడు ఠక్కున లేచి కూర్చున్నాడు. “మామా, నాకూ పంపు” అన్నాడు. పంపాను. పావుగంట తర్వాత ఫోన్ దిండు మీద పడేసి, “ఏముందిరా ఇందులో? ఎవరో ఇద్దరు డాక్టర్లు మోకాళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు” అని అటు తిరిగి పడుకున్నాడు.

వాడి నిరాశలోనే ఆ పుస్తకం జోకు ఉంది. పెద్ద పేరు, లోపల పెద్దపెద్ద మాటలు, చివరికి చేతికి వచ్చేది మోకాలు. దాన్ని రాసినవాళ్లు జేమ్స్ థర్బర్, ఈ.బి. వైట్. ఇద్దరూ ‘న్యూయార్కర్’ పత్రికలో ఒకే ఇరుకు గదిలో కూర్చుని పనిచేసినవాళ్లు. 1929లో అచ్చయింది. అమెరికాలో దాని కాపీరైట్ గడువు 2025 జనవరి 1తో తీరిపోయింది. కాబట్టి మా రూమ్మేట్‌కి పంపినందుకు నా మీద కేసేమీ పడదు.

ఈ సంచికకి ఆ పుస్తకం గురించి రెండు పేజీలు రాయమన్నారు. సమీక్షే రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉంటే నేను పోయినేడు గీసిన ఒక బొమ్మ గుర్తొచ్చి అడ్డం పడింది. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు పుస్తకం.

ఫ్రాయిడ్ 1909లో అమెరికా వెళ్లి క్లార్క్ యూనివర్సిటీలో అయిదు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడి డ్రాయింగ్ రూముల్లో ఆయన మాటలు కాఫీతో పాటు తిరగడం మొదలుపెట్టాయి. కాంప్లెక్సు, రిప్రెషన్, లిబిడో. ఆయన్ని చదివినవాళ్లు కొద్దిమంది, వాడేసినవాళ్లు బోలెడంత మంది. నీ కలకి అర్థం ఇది, నీ కోపానికి మూలం అది, నీ పెళ్లి ఎందుకు కుదరట్లేదంటే ఇందుకు అని చెప్పే పుస్తకాలు వరసగా వచ్చాయి. ఇప్పుడు మన ఫోన్లో ముప్పై సెకన్ల రీలులో ఒకాయన వేలు చూపిస్తూ “మీలో ఈ అయిదు లక్షణాలుంటే...” అంటాడే, దానికి ముత్తాతలన్నమాట.

థర్బర్, వైట్ ఆ పుస్తకాల గొంతును అచ్చు గుద్దినట్టు పట్టుకున్నారు. ఒక అధ్యాయం ఒకరు, ఇంకో అధ్యాయం ఇంకొకరు. టిత్‌రిడ్జ్ అనీ, జానర్ అనీ ఇద్దరు మహా పండితుల్ని కల్పించారు. ప్రతి చెత్త విషయానికీ వాళ్లనే సాక్ష్యం పిలుస్తారు. లేని లెఫ్టినెంట్ కల్నల్ ఒకాయనతో ముందుమాట చెప్పించారు. చివర ఒక పదకోశం కూడా పెట్టారు. ఆడపిల్ల మోకాలు తగలగానే మగవాడి మోకాలు వెనక్కి జరిగితే దాన్ని ఒక జబ్బుగా గుర్తించి, పేరు పెట్టి, గంభీరంగా చర్చిస్తారు. మా రూమ్మేట్‌ని ముంచిన మోకాలు అదే. పిల్లలకి ఈ విషయాలు తల్లిదండ్రులు ఎలా చెప్పాలి అని అప్పట్లో పుస్తకాలు వచ్చేవి కదా, వీళ్లు దాన్ని తిరగేసి, పిల్లలు తల్లిదండ్రులకి ఏం చెప్పాలి అని ఒక అధ్యాయం రాశారు. మగవాళ్ల మనసు మళ్లించడానికే ఆడవాళ్లు మిఠాయి వండటం కనిపెట్టారని ఇంకోచోట సిద్ధాంతం.

బొమ్మల కథ ఇంకా బాగుంటుంది. థర్బర్‌కి చిన్నప్పుడు ఆటలో అన్న వేసిన బాణం తగిలి ఒక కన్ను పోయింది. రెండో కన్ను కూడా తర్వాత్తర్వాత మసకబారింది. పెన్సిలుతో పసుపు కాగితాల మీద ఊరికే గీసి పారేసేవాడు. చపాతీ పిండి ముద్దల్లాంటి మనుషులు. ఎముకలున్నాయో లేదో తెలీదు. ఆ పారేసిన కాగితాల్ని వైట్ ఏరి, పెన్సిలు గీతల మీద ఇంకు దిద్ది, పుస్తకానికి ఇవే బొమ్మలు అని హార్పర్ కంపెనీ వాళ్ల ముందు పెట్టాడు. వాళ్లు ఇవి చిత్రకారుడికి ఇచ్చే చిత్తు నమూనాలేమో అనుకున్నారట. కాదు, ఇవే అసలు బొమ్మలన్నాడు వైట్. అవే అచ్చయ్యాయి. పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఆ బొమ్మల లోతైన అర్థాన్ని వివరిస్తున్నట్టు వైట్ ఒక దొంగ వ్యాఖ్యానం కూడా రాసి అందులోనే చేర్చాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పుస్తకం ఎందుకు నవ్విస్తుంది? ఆడవాళ్ల గురించి రాసిన కొన్ని పేజీలు పాతబడిపోయాయి, ఒప్పుకుంటాను. అవి చదువుతుంటే మా క్లాసులో అమ్మాయిలు ఏమంటారో ఊహించగలను. కానీ మూలం మాత్రం పాతబడలేదు. ఎందుకంటే ఆ పుస్తకం బాధపడుతున్నవాణ్ణి చూసి నవ్వదు. వాడి బాధకి పేరు పెట్టడానికి తెగ తొందరపడుతున్నవాణ్ణి చూసి నవ్వుతుంది. సోఫా మీద పడుకున్నవాణ్ణి వదిలేసి, పక్కన కుర్చీలో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నవాడి మీదకి టార్చి వేస్తుంది.

మన భాషలో చెప్పాలంటే ఇలా. మీ దగ్గర ఒక మల్టీమీటర్ ఉంది. బ్యాటరీకి పెట్టినా 5 వోల్టులు చూపిస్తుంది, గోడకి పెట్టినా 5 వోల్టులే, గాల్లో పట్టుకున్నా 5 వోల్టులే. ల్యాబులో ఎవరైనా అది చాలా గొప్ప మీటర్, ఎప్పుడూ రీడింగ్ ఇస్తుంది అంటారా? మూలన పడేస్తారు. కార్ల్ పాపర్ అనే తత్వవేత్త ఫ్రాయిడ్ సిద్ధాంతం మీద పెట్టిన అభ్యంతరం దాదాపు ఇదే. మనిషి ఏం చేసినా అందులో ఒక వివరణ దొరుకుతుంది. ఒప్పుకుంటే చూశావా అంటారు. ఒప్పుకోకపోతే లోపల అణచుకున్నావు కాబట్టే ఒప్పుకోవట్లేదంటారు. తప్పని తేలే దారే లేని చోట ఒప్పని తేలడానికి కూడా విలువ లేదు. పాపర్ ఈ మాట తర్కంతో చెప్తే థర్బర్, వైట్ మోకాలితో చెప్పారు.

ఇలాంటి నవ్వు అమెరికాకే సొంతం కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు 1922లో భారతీయ సైకోఅనాలిటికల్ సొసైటీని స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు, కొన్ని విషయాల్లో ఆయనతో విభేదించాడు కూడా. గిరీంద్రశేఖర్ అన్న రాజశేఖర్ బసు. ఆయన రసాయన శాస్త్రం చదువుకుని బెంగాల్ కెమికల్స్ నడిపినవాడు, అంటే దాదాపు మన బాపతే. ఆయనే ‘పరశురామ్’ పేరుతో బెంగాలీలో హాస్య కథలు రాశాడు. వాటిలో ‘చికిత్సా సంకట్’ అని ఒక కథ ఉంది. నందబాబు అనే ఆయన ట్రాము దిగుతూ పడతాడు. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ స్నేహితులు ఊరుకోరు. అల్లోపతి అంటారు, హోమియోపతి అంటారు, వైద్యుడంటారు, హకీం అంటారు. ఒక్కొక్కడి దగ్గరికి వెళ్తుంటే ఒక్కొక్కడు తన శాస్త్రం ప్రకారం కొత్త జబ్బు తేలుస్తాడు. పరశురామ్ కథలకి బొమ్మలేసింది జతీంద్ర కుమార్ సేన్. ఆయన ఫ్రాయిడ్‌ని ఎన్నడూ చూడకుండా, ఇలా ఉంటాడేమోనని ఊహించి ఒక బొమ్మ వేస్తే, దాన్ని గిరీంద్రశేఖర్ వియన్నాకి పంపించాడు కూడా. ఒకే ఇంట్లో తమ్ముడు మనసుని విశ్లేషిస్తుంటే అన్న విశ్లేషించేవాళ్లందర్నీ ఆటపట్టిస్తున్నాడు. ఇద్దరికీ బొమ్మలేసే చెయ్యి ఒకటే. ఇంతకంటే ఆరోగ్యకరమైన ఇల్లు ఉంటుందా?

ఇక నా బొమ్మ సంగతి.

పోయినేడు నాలుగో సెమ్‌లో మా ఫ్లోర్‌లో ఒకడు మెల్లగా మాట్లాడటం తగ్గించేశాడు. మెస్‌కి రావడం మానేశాడు. రాత్రి మూడింటికి కారిడార్‌లో అటూ ఇటూ నడిచేవాడు. క్లాసుకి వస్తే చివరి బెంచీలో తల పెట్టుకుని పడుకునేవాడు. (వాణ్ణి అడిగే ఇదంతా రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.) మేం ఆరుగురం ఉండేవాళ్లం. ఆరుగురికీ వాడి జబ్బేంటో తెలుసు. ఒకడు లవ్ ఫెయిల్యూర్ అన్నాడు. ఒకడు మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ టెన్షన్ అన్నాడు. ఒకడు ఫోన్ తగ్గిస్తే అదే పోతుందన్నాడు. ‘అపరిచితుడు’ పదిసార్లు చూసినవాడు మల్టిపుల్ పర్సనాలిటీ అన్నాడు. ఇంకొకడు జిమ్ముకి రమ్మన్నాడు. నేను మాత్రం కాస్త చదువుకున్నవాణ్ణి కదా, ఇంట్రోవర్ట్ అని తేల్చాను. వాణ్ణి మాత్రం ఎవరం అడగలేదు. అడిగినా జవాబు వినేదాకా ఆగలేదు.

ఒక రోజు వాడు ఎవరికీ చెప్పకుండా కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లొచ్చాడు. అపాయింట్‌మెంట్ చీటీ వాడి రికార్డ్ బుక్‌లో దొరికింది. ఇక చూడండి. “ఎర్రగడ్డకి బస్సెక్కించాలిరా” అని ఒకడు. విశాఖ నుంచి వచ్చినవాడు “మావైపైతే వాల్తేరు” అని సవరించాడు. మన ఊళ్లలో ఈ రెండు పేర్లూ ఊరిపేర్లుగా కంటే తిట్లుగానే ఎక్కువ వినిపిస్తాయి కదా. నేను ట్యాబ్ తీసి బొమ్మ గీశాను. సోఫా మీద వాడు, నోట్లోంచి నురగ, తల మీద తిరుగుతున్న కాకులు. పక్కన డాక్టరు. ఫ్లోర్ గ్రూపులో పెట్టాను. నవ్వే ఎమోజీలు వరస కట్టాయి. నిజం చెప్తున్నా, నా బొమ్మకి అన్ని లైకులు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. వాడు కూడా ఒక నవ్వే ఎమోజీ పెట్టాడు.

రెండో అపాయింట్‌మెంట్‌కి వాడు వెళ్లలేదు.

సెమ్ చివరికి అటెండెన్స్ చాలక డిటెయిన్ అయ్యాడు. వాళ్ల నాన్నగారు వచ్చి తీసుకెళ్లారు. ఆయన ట్రంకు పెట్టె మోసుకుంటూ మా అందరికీ, “బాగా చదువుకోండి బాబూ” అని చెప్పి వెళ్లారు. ఊళ్లో ఆరు నెలలున్నాడు. జిల్లా ఆసుపత్రిలో చూపించుకున్నాడు, మందులు వాడాడు. తిరిగొచ్చాడు. ఇప్పుడు మా జూనియర్ బ్యాచ్‌తో కూర్చుంటున్నాడు, బాగున్నాడు. ఆ చీటీ నాటి మొదటి రోజు కౌన్సెలర్ మేడమ్ ఏం చెప్పారురా అని మొన్న అడిగాను. “ఏం చెప్పలేదు. రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నావ్ అని అడిగారు. అంతకుముందు ఎవరూ అది అడగలేదు” అన్నాడు.

ఇప్పుడు మళ్లీ థర్బర్, వైట్‌ల పుస్తకం తెరవండి. టిత్‌రిడ్జ్ ఎవరు, జానర్ ఎవరు? ఫ్రాయిడ్ అనుకుని ఇంతసేపు నవ్వాను. కాదు. మేమే. మనిషిని అడగకముందే జబ్బు పేరు తేల్చేసిన ఆ ఆరుగురు పండితులం మేమే. ఆ పుస్తకం నా బొమ్మని తొంభై ఏళ్ల ముందే ఎగతాళి చేసింది. నేను టార్చి తిప్పి తప్పు మనిషి మీద వేశాను.

ఇక్కడ నా అభిప్రాయాన్ని సూటిగా చెప్తాను. మనసు, జబ్బు, కౌన్సెలింగ్ వీటి మీద జోకులు వేయకూడదు అని ఒక వాదన ఉంది. నేను దానికి వ్యతిరేకం. నిషేధించిన జోకు కారిడార్‌లోకి వెళ్లి ఇంకా చెడ్డగా తయారవుతుంది. పైగా ఈ శాస్త్రం పుట్టుకలోనే జోకు ఉంది. ఫ్రాయిడ్ స్వయంగా 1905లో జోకుల మీద ఒక పుస్తకమే రాశాడు. అంతకంటే ముందు, ఆయన మిత్రుడు బ్రాయర్ దగ్గర వైద్యం చేయించుకున్న ఒక అమ్మాయి ఉంది. 1895లో వాళ్లిద్దరూ అచ్చేసిన పుస్తకంలో ఆమెను ‘అన్నా ఓ’ అని పిలిచారు. మనసులో ఉన్నది మాట్లాడి తేలికపడటానికి మాటల వైద్యం అని పేరు పెట్టింది డాక్టర్లు కాదు, ఆ అమ్మాయే. సరదాగా ఉన్నప్పుడు దాన్నే పొగగొట్టం శుభ్రం చేయడం అనేదట. అంటే సోఫా మీద ఉన్నవాళ్లకి జోకు వేసే హక్కు మొదటి రోజు నుంచీ ఉంది. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. తర్వాత జర్మనీలో యూదు మహిళల సంఘాన్ని స్థాపించి నడిపింది. జబ్బు పేరుతో ఆమె కథ ముగిసిపోలేదు.

ఇంకో వాదన మన ఇంజినీర్లది. సైకోఅనాలసిస్ అంతా నిరూపణ లేనిదని నువ్వే అన్నావు, మరి కౌన్సెలర్ దగ్గరికి ఎందుకు వెళ్లాలి అని. ఇది లెక్క తప్పు. వారానికి నాలుగైదు రోజులు సోఫా మీద పడుకుని ఏళ్ల తరబడి కలలు చెప్పుకునే పద్ధతి వేరు, మన క్యాంపస్‌లో కౌన్సెలర్ చేసే పని వేరు. నిద్ర, తిండి, ఆలోచనల తీరు అడుగుతారు. మందులు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. ఇప్పుడు వాడే మందుల్నీ, మాటల చికిత్సల్నీ పరీక్షించి చూసే పద్ధతులున్నాయి, పనిచేయనిది పనిచేయలేదని తేలుతుంది కూడా. పాత రేడియోలో లోపముందని కరెంటునే నమ్మడం మానేస్తామా?

అసలు విషయం, ఆ పుస్తకం రాసినవాళ్లకి కూడా ఇది తప్పలేదు. కంటి ఆపరేషన్ల మీద ఆపరేషన్లయ్యాక 1941లో థర్బర్ మానసికంగా కుప్పకూలాడు. 1943లో వైట్ కూడా అలాగే కుంగిపోయాడు. ఇద్దరూ లేచారు. వైట్ ఆ తర్వాత 1952లో ‘షార్లట్స్ వెబ్’ రాశాడు. పిల్లల పుస్తకాల్లో దాన్ని మించింది కొద్దే. మనసు డాక్టర్లని చూసి నవ్వినవాళ్లు మనసు జబ్బుకి అతీతులు కారు. కానీ వాళ్లు పడిపోయినప్పుడు వాళ్ల పుస్తకం వాళ్లకే ఎదురుతిరగలేదు. ఎందుకంటే అందులో పడిపోయినవాడి మీద ఒక్క జోకు కూడా లేదు. నా బొమ్మకి ఆ భాగ్యం లేదు. రేపు నేను పడిపోతే ఆ బొమ్మ తీసి నాకే పంపొచ్చు, తల మాత్రం మారిస్తే చాలు.

అందుకే జోకు వేసేముందు ఒక చిన్న టెస్ట్ కేసు రన్ చేయమంటాను. ఈ జోకు విన్నాక, లోపల నలిగిపోతున్నవాడు చీటీ తీసుకుని వెళ్తాడా, చీటీ దాచేస్తాడా? మొదటిదైతే వేయండి, పది వేయండి. రెండోదైతే ఎన్ని లైకులొచ్చినా అది ఫెయిలైన కోడే.

మన తెలుగులోనూ మంచి ఉదాహరణ ఉంది. నవీన్ రాసిన ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి తలలో ఒక్క రోజు ఏమేం తిరుగుతాయో అదంతా. రచయిత ఎక్కడా వాడికి రోగం పేరు తగిలించడు. వాడి పక్కన కూర్చుని వింటాడు. హాస్టల్లో ఉన్న ప్రతివాడూ ఒకసారి చదవాల్సిన నవల, లైబ్రరీలో ఉంది, దుమ్ము దులుపుకుని తీసుకోవాలంతే.

జూనియర్లకి ఒక మాట. రాత్రి మూడింటికి కారిడార్‌లో నడుస్తున్నది మీరైతే, టెలిమానస్ నంబరు 14416. 24 గంటలూ ఎత్తుతారు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నడుస్తున్నది మీ ఫ్రెండైతే, రోగం పేరు చెప్పకండి. ఎన్ని గంటలు పడుకుంటున్నావ్ అని అడగండి. అడిగి, ఆగండి.

ఈ వ్యాసం పంపేముందు వాడికి చదివి వినిపించాను. అంతా విని, “ఆ బొమ్మ ఇంకా ఉందారా?” అన్నాడు. డిలీట్ చేశానని చెప్పాను. “ఎందుకు చేశావ్? సోఫా మీద నా బొమ్మ బాగానే వచ్చింది. ఆ నురగా, కాకులూ తీసేయ్. డాక్టరు బొమ్మే బాలేదు, మొహం తెలియట్లేదు. కుర్చీలో నిన్ను కూర్చోబెట్టు. నోట్‌బుక్‌లో ‘ఇంట్రోవర్ట్’ అని పెద్దక్షరాలతో రాసుకుంటున్నట్టు గియ్యి” అన్నాడు.

గీశాను. పక్క పేజీలో ఉంది. నా ముక్కు కొంచెం పెద్దదైందని వాడే చెప్పి దిద్దించాడు.